నాలుగు దుకాణాలైనయి, గిరాకీ సగమైంది. గానుగ నూనె వ్యాపారంల ఇప్పుడు ఏం చెయ్యాలె?

ఓరుగల్లు గానుగ (ప్రశ్న):

అందరికి నమస్తే. మాది హన్మకొండ. 2020ల లాక్‌డౌన్‌కు సెల్‌ఫోన్ కంపెనీల సేల్స్ నౌకరి పోయింది. ఉన్న పైసలతోని కోయంబత్తూరు దిక్కు నుంచి ఒక చెక్క గానుగ తెప్పించి ఇంటి ముందటి షెటర్‌ల పెట్టిన. పల్లి, నువ్వు, కుసుమ, కొబ్బరి. గిరాకీ కండ్ల ముందటనే గింజలు పోసి ఆడించి ఇచ్చుడు. నూనె సంగతి నాకు అప్పటిదాక ఏం తెల్వదు, అయినా దసరా వచ్చేసరికి షెటర్ ముందట లైన్ కట్టిన్రు. కరోనా భయం, రిఫైన్డ్ నూనె మీద యూట్యూబ్ వీడియోలు, అన్నీ కలిసొచ్చినయి.

2022ల ఉక్రెయిన్ యుద్ధం మొదలైనంక సన్‌ఫ్లవర్ లీటరు 200 దగ్గరికి పోయింది. అప్పుడు మా పల్లి నూనె 320. "ఇంత తేడానే కదా" అని కొత్తోళ్లు గుంపులు గుంపులు వచ్చిన్రు. అదే ఊపుల పీఎంఎఫ్ఎంఈ (చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం పెట్టిన పథకం) కింద లోను తీసుకొని ఇంకా గానుగలు కొన్న. కాజీపేట, వరంగల్, కరీంనగర్‌ల దుకాణాలు తెరిచిన. కరీంనగర్ది మా బావమరిది చూసుకుంటడు. మొత్తం ఐదు గానుగలు, తొమ్మిది మంది పనోళ్లు. పండుగ నెలలల్ల 4,000 లీటర్ల దాక అమ్మినం.

ఇప్పుడు నెలకు 1,900 లీటర్లు దాటుతలేదు. అండ్ల పల్లి నూనె 1,200. రేటు 400 చేసిన. నాలుగు దుకాణాల కిరాయి 78,000, జీతాలు లక్షా 17 వేలు, అవి మాత్రం తగ్గవు కదా. మా గల్లీల్నే ఇంకో రెండు గానుగలు వచ్చినయి.

ఇప్పుడు నా ముందట మూడు దారులున్నయి. బ్యాంకోళ్లు 40 లక్షల లోను ఇస్తమంటున్నరు, ఎక్స్‌పెల్లరు (ఇనుప స్క్రూతోని నూనె పిండే మిషను), బాటిల్ నింపే లైను పెట్టుకోమని. హైదరాబాద్‌ల ఒక సూపర్ మార్కెట్ చైనోళ్లు సరుకు పెట్టుకుంటమంటున్నరు, కాని 60 రోజుల ఉద్దెర, డేట్ అయిపోయింది వాపస్. ఇంకోటి, జిల్లాలల్లకెల్లి ఫ్రాంచైజీ ఇయ్యమని ఫోన్లు వస్తున్నయి, ముందు పైసలు కట్టేటోళ్లే. ఈ మూడింట్ల ఏది పట్టుకోవాలె? తెలిసినోళ్లు చెప్పున్రి.

---

లెక్కల మనిషి, ఖమ్మం:

బ్రదర్, మీరు ఇచ్చిన అంకెలతోనే లెక్క వేశాను. 400లో జీఎస్టీ 5 శాతం పోతే చేతికి 381. గింజ ఖర్చు, బాటిల్, కరెంటు, రవాణా, మడ్డి కింద పోయేది తీసేస్తే లీటరుకు 100, మహా అయితే 120 మిగులుతుంది. 1,900 లీటర్లకు రెండు లక్షలు, కాస్త అటూ ఇటూ. కిరాయి, జీతాలు కలిపితే 1,95,000. అంటే పాత లోను వాయిదా మీరు ఇంట్లోంచి కడుతున్నట్టే. ఇందులో మీ జీతం లేదు, గమనించారా?

దీని మీద 40 లక్షల లోను, 11 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే నెలకు దగ్గర దగ్గర 87,000 వాయిదా. అది కట్టడానికే ఇంకో 800 లీటర్లు అమ్మాలి. గిరాకీ తగ్గినప్పుడు మిషను కొనడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఉన్న గానుగలే సగం రోజు ఖాళీగా తిరుగుతున్నాయి.

సూపర్ మార్కెట్ సంగతి. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని ఎంఎస్ఎంఈ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ఇవ్వకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది వాళ్ల ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోనివ్వకుండా 2023 బడ్జెట్‌లో 43బి(హెచ్) అనే సెక్షన్ కూడా తెచ్చారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ వాళ్లు "అమ్ముడుపోయాకే బిల్లు" అని రాయించుకుంటారు, అప్పుడు గడియారం మొదలే కాదు. ఒప్పందంలో ఆ ముక్క ఉందేమో చూసుకోండి.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నా. డబ్బా తెస్తే పోసి ఇవ్వడం ఇంకా చేస్తుంటే ఆపేయండి. ఆహార భద్రత నిబంధనల ప్రకారం వంట నూనె విడిగా అమ్మకూడదు, సీలు, లేబులు ఉండాల్సిందే. నాలుగు దుకాణాలయ్యాక అధికారుల కళ్లు పడతాయి.

---

సరూర్‌నగర్ వంటిల్లు:

నేను వ్యాపారిని కాదండి, కొనే మనిషిని. మీ దుకాణం కాదు, మా కాలనీలో ఉన్న ఒక గానుగ గురించి చెబుతున్నాను. రెండేళ్లు వాళ్ల దగ్గరే కొన్నాం. ఎందుకు మానేశామో చెబితే మీకేమైనా పనికొస్తుందేమో.

ధర వల్ల కాదు. అంటే, ధర కూడా ఉందనుకోండి, కానీ నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు, ఎలాగో సర్దుకున్నాం. అసలు సంగతి ఏమిటంటే ఒక నెల నూనె పోపులో వేస్తే ఇల్లంతా వేరుశనగ వాసన, కమ్మగా ఉండేది. తర్వాతి నెల ఏ వాసనా లేదు. ఆ పై నెల సీసా మూత తియ్యగానే కనరు వాసన. అడిగితే "అదే గింజండీ, అదే మిషనండీ" అంటాడు కుర్రాడు. మొదట్లో యజమాని తనే కూర్చునేవాడు, రెండో దుకాణం పెట్టాక ఆయన కనపడటమే మానేశాడు.

గారెలు వేస్తే నురగ పొంగి పొయ్యి మీదికి వచ్చేది. గానుగ నూనె కొంచెం నురగ కడుతుందని మా అత్తగారు చెబితే తెలిసింది, దుకాణంలో ఎవరూ చెప్పలేదు. నేను కల్తీ అనుకున్నాను! కొన్నాళ్లు తేర్చి పోస్తే తక్కువ పొంగుతుందట. ఈ ముక్క ఒక చీటీ మీద రాసి సీసాకు అంటిస్తే ఎంత బావుండేది.

ఇంకొకటి. ఒకరు కిలో లెక్క, ఒకరు లీటరు లెక్క. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములే కదా. కిలో 420 అన్నవాడు ఖరీదనుకుని, లీటరు 400 అన్నవాడి దగ్గరికి వెళ్లాను. ఇంటికొచ్చి లెక్క వేస్తే లీటరు వాడిదే ఎక్కువ. అప్పటి నుంచి ఇద్దరి మీదా నమ్మకం పోయింది. ఇప్పుడు కూరలకు ప్యాకెట్ నూనె, పచ్చళ్లకు మాత్రం మా అమ్మ ఊరి నుంచి పంపే నువ్వుల నూనె.

---

గుత్తి బుడ్డల వ్యాపారి:

తమ్ముడూ, పైన ఆ అమ్మ రాసింది మళ్లీ చదువు. నీ జబ్బు అందులోనే ఉండాది.

మాది గుత్తి దగ్గర. మా నాయన నూనె మిల్లులో గుమాస్తా, నేను బుడ్డల కమీషన్ వ్యాపారం చేసినా. మీరు పల్లీలు అంటారు, మేం బుడ్డలు అంటాం, అదే గింజ. నూనె మనుషుల మధ్యే పెరిగినా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టు.

ముందు నీ పెరుగుదల సంగతి. 2020 నుంచి 2022 దాకా నీ గల్లా నిండిందంటే అందులో నీ చెయ్యి ఎంత, పుతిన్ చెయ్యి ఎంత? మనకు సన్‌ఫ్లవర్ నూనె ఎక్కువగా వచ్చేది ఉక్రెయిన్, రష్యాల నుంచే. యుద్ధంతో అది ఆగింది. ఆ 2022 ఏప్రిల్ ఆఖర్లోనే ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి కొన్ని వారాలు ఆపింది. ప్యాకెట్ నూనెకూ నీ నూనెకూ తేడా 120 రూపాయలకు వచ్చింది. మరుసటి సంవత్సరం ప్యాకెట్ మళ్లీ దిగింది. 2024 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ముడి నూనెల మీద 20 శాతం సుంకం వేసింది, కొంచెం ఎక్కింది. 2025 మే నెలాఖరులో దాన్ని 10 చేసింది. ఆ తర్వాత ప్యాకెట్ 150, 160 అయింది, నీది 400. తేడా 240. 120 తేడాకు వచ్చినోడు 240 తేడాకు యాడ నిలబడతాడు? వాడు పోవడం నీ తప్పు కాదు, వాణ్ణి చూసి దుకాణాల లెక్క వేసుకున్నావు, అంతే.

ఇది మా సీమ చూసిన ఆటే. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ అని కేంద్రం పెట్టింది. దిగుమతి బిగించినారు, గింజకు ధర వచ్చింది. అనంతపురం జిల్లా అంతా బుడ్డలే. ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి దిక్కు మిల్లు ఉన్నోడు ఇంకో మిల్లు కట్టినాడు, లేనోడు అప్పు చేసి కట్టినాడు. మా నాయన పనిచేసిన మిల్లులో కూడా రెండో షెడ్డు లేచింది. 1994లో పామోలిన్ దిగుమతికి ప్రైవేటు వాళ్లకు తలుపు తెరిచినారు, అప్పుడు సుంకం 65 శాతం. 1998 వచ్చేసరికి 15 శాతం. ఇంక చెప్పేదేముంది, రెండో షెడ్డు తాళం పడింది, తర్వాత మొదటి షెడ్డూ. మా చుట్టుపక్కల నిలబడినోళ్లు ఎవరంటే నూనె మీద ఆశ తగ్గించుకొని, కాయ ఒలిచి గింజ ఏరి తినే గింజల వ్యాపారులకు, విత్తనానికీ అమ్మినోళ్లు. వాళ్లకు గింజ తెలుసు. మిషను మాత్రమే తెలిసినోళ్లు మిషనుతోపాటే పోయినారు.

ఇప్పుడు నీ గింజ సంగతి అడుగుతా. 2020లో నీ పల్లీలు ఎవరు కొన్నారు? నువ్వే మార్కెట్‌కు పోయి, నోట్లో వేసుకొని, చేత్తో నలిపి కొనుంటావు. కొత్తోడివి కదా, భయంతోనైనా చూసుకొనుంటావు. నాలుగు దుకాణాలయ్యాక? బ్రోకర్‌కు ఫోన్ కొట్టి "పది బస్తాలు పంపు" అని ఉంటావు. ఆషాఢం, శ్రావణంలో వాడు పంపేది ఏ గోడౌన్ మూల ఉన్నదో, ఏ రెండు సరుకులు కలిపిందో. గింజ నెలనెలా మారితే నూనె నెలనెలా మారుతుంది. రిఫైనరీ వాడికి ఆ బాధ లేదు, ఎట్లాంటి నూనె వచ్చినా రంగు, వాసన తీసేసి ఒకే మాదిరి చేస్తాడు. నీకు ఆ దారి లేదు. నీ నూనెలో గింజ ఉన్నదున్నట్టు కనపడుతుంది.

ఇందులో రుచి ఒక్కటే కాదు, ఇంకో విషయం ఉంది. తడి తగిలిన బుడ్డలకు బూజు పడుతుంది, దాంట్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. రిఫైనరీలో క్షారంతో కడిగి, మట్టితో రంగు తీసేటప్పుడు అది చాలావరకు పోతుంది. గానుగలో ఆ దశే లేదు. ముడుచుకుపోయిన గింజ, నల్లమచ్చ గింజ, పచ్చబూజు గింజ ఏరి పారేయాల్సింది నీ దగ్గరి ఆడమనుషులే. జీతాలు తగ్గించుకోవాలని చూసినప్పుడు మొదట తీసేసేది ఆ ఏరేవాళ్లనే. నువ్వు తీసేసినావో లేదో నాకు తెలీదు. తీసేసి ఉంటే రేపే పిలిపించు.

ఇంక డబ్బు లెక్క. 2025-26లో బుడ్డలకు మద్దతు ధర క్వింటాలు కాయకు 7,263. లెక్క కోసం అదే పట్టుకో, పంట దిగేటప్పుడు మార్కెట్లో అంతకన్నా తక్కువకు దొరికే రోజులూ ఉంటాయి. క్వింటాలు కాయ ఒలిస్తే 70 కిలోల గింజ. గానుగలో 42 శాతం దిగితే 29 కిలోల పైన నూనె, అంటే 32 లీటర్లు. 38 కిలోల దాకా చెక్క, అంటే నూనె పిండినాక మిగిలే పిప్పి. ఒలిచే కూలి, బండి కలిపి 7,800 పడిందనుకో. చెక్క కిలో 40 చొప్పున 1,500 వెనక్కి వస్తుంది. మిగిలింది 6,300. లీటరుకు 197 రూపాయలు. అదే గింజ ఆగస్టులో బ్రోకర్ దగ్గర కిలో 125 పెట్టి కొన్నావనుకో, 70 కిలోలకు 8,750, చెక్క డబ్బు తీసేస్తే లీటరుకు 226. దగ్గర దగ్గర 30 రూపాయల తేడా. నువ్వు అమ్మే 1,200 లీటర్లకు నెలకు 36,000. నీ దుకాణాల్లో ఒకదాని కిరాయి కన్నా ఎక్కువ, గిరాకీ ఒక్క లీటరు పెరగకుండానే.

ఆరు నెలల సరుకు కొనాలంటే 22, 23 టన్నుల కాయ. 17 లక్షల దాకా కావాలి. బ్యాంకు వాణ్ణి 40 లక్షల మిషను లోను కాకుండా ఈ 17 లక్షలు సరుకు మీద అడుగు. గుర్తింపు ఉన్న గోడౌన్‌లో పెట్టి రసీదు మీద తీసుకోవచ్చు. సరుకు వాడుకుంటూ కట్టుకుంటూ పోతే వడ్డీ యాభై వేల లోపే తేలుతుంది. అయితే ఒకటి. ధర పెరుగుతుందని ఆశతో కొనద్దు. కొన్ని సంవత్సరాలు పెరగదు, పడిపోతుంది కూడా. అప్పుడు ఆ 30 రూపాయలు రావు. నేను చెప్పేది ఆరు నెలలు ఒకే గింజ, ఒకే వాసన నూనె ఇవ్వడం కోసం. నీకు రెండు పంటలు అందుబాటులో ఉన్నాయి, అది నీ అదృష్టం. నాగర్‌కర్నూలు, వనపర్తి దిక్కు యాసంగి పంట జనవరి నుంచి మార్చి దాకా దిగుతుంది. మా దిక్కు వానాకాలం పంట అక్టోబర్ నుంచి. ఏడాదికి రెండుసార్లు నువ్వే పోయి కొంటే సరిపోతుంది. దానికి రెండు వారాలు దుకాణం వదిలి తిరగాలి. నాలుగు దుకాణాలు కాచుకునేవాడికి అది కుదరదు, అందుకే ముందు దుకాణాలు తగ్గించుకో అంటున్నా.

ఏవి తగ్గించాలి? హన్మకొండ, కాజీపేట, వరంగల్ మూడు పేర్లేగానీ ఒకటే ఊరు కదా. నీ గిరాకీని నువ్వే మూడు ముక్కలు చేసి మూడు కిరాయిలు కడుతున్నావేమో చూసుకో. ఎట్లా చూడాలంటే, నీ బిల్లుల్లో ఫోన్ నంబర్లు ఉంటాయి. ఒక్కో దుకాణంలో పోయిన సంవత్సరం కొత్తగా వచ్చినోళ్లలో ఎంతమంది మూడు నెలల్లో మళ్లీ వచ్చినారో లెక్క తీయి. మొత్తం అమ్మకం చూడద్దు. దీపావళి రోజు వచ్చి ఐదు లీటర్లు కొని మళ్లీ మొహం చూపించనోడి కన్నా నెలనెలా రెండు లీటర్లు పట్టుకుపోయే ముసలమ్మ నీకు ముఖ్యం.

ఫ్రాంచైజీ మాట ఎత్తద్దు. నీ దగ్గరే నూనె నెలనెలా మారుతుంటే ఆదిలాబాద్‌లో వాడెవడో ఏ గింజ పోస్తున్నాడో నీకెట్లా తెలుస్తుంది? బోర్డు మీద పేరు నీది. సూపర్ మార్కెట్ గురించి పైన ఖమ్మం సారు చెప్పింది చాలు. నా అనుభవంలో పెద్ద దుకాణం వాడు రెండు నెలలు బాగుంటాడు, తర్వాత ఆఫర్ కింద 15 శాతం నువ్వే భరించమంటాడు.

---

నంద్యాల ఎక్స్‌పెల్లర్:

పెద్దాయన చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటా గానీ, ఎక్స్‌పెల్లర్ అంటే పాపమేమీ కాదండీ. మేం అదే నడుపుతున్నాం. గానుగ కన్నా నూనె ఎక్కువ దిగుతుంది, కూలి తక్కువ, లీటరు మీద 50, 60 రూపాయలు తగ్గించి అమ్మగలుగుతున్నాం. వేడి ఎక్కుతుంది, నిజమే. మేం దాచడం లేదు, బోర్డు మీద ఎక్స్‌పెల్లర్ నూనె అనే రాశాం. 240 తేడాకు పారిపోయినవాడు 180, 190 తేడాకు ఆగవచ్చు కదా?

మిషను మొత్తం కొనకుండా ముందు మా లాంటివాళ్ల దగ్గర మీ గింజ ఇచ్చి ఆడించుకొని, వేరే లేబులుతో కొన్నాళ్లు అమ్మి చూడండి. పోతే పోయింది లేబులు ఖర్చే. కానీ గానుగ సీసాలో అది మాత్రం కలపద్దు. మా దిక్కు ఒకాయన ఆ పని చేశాడు. చెప్పిందెవరంటే ఆయన దగ్గర మానేసిన పనివాడే. ఊరంతా తెలిసింది.

---

ఓరుగల్లు గానుగ:

అందరికి చాలా థాంక్స్. గుత్తి పెద్దాయన చెప్పినట్టు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లకెల్లి నంబర్లు తీసిన. మా బిడ్డ ఎక్సెల్‌ల పెట్టిచ్చింది. చూసి పరేషాన్ అయిన.

నేనైతే కరీంనగర్ బంద్ పెట్టాలె అనుకున్న, 70 కిలోమీటర్లు, చూసుకోవుడు కష్టం, అమ్మకం గూడ తక్కువ. కాని మళ్లీ మళ్లీ వచ్చేటోళ్లు ఎక్కువున్నది ఆడనే. కాజీపేటల ఉన్న నంబర్లు సగానికి సగం పాత హన్మకొండ గిరాకీయే, దగ్గరైందని అటు మారిన్రు, అంతే. వాళ్లకోసం ఇంకో కిరాయి, ఇద్దరు మనుషులు! వరంగల్‌ల 2022 ఎండాకాలం వచ్చినోళ్లు పెద్ద లిస్టున్నది, అండ్ల మళ్లొచ్చినోళ్లు చాన తక్కువ.

కరీంనగర్ ఎందుకట్లున్నది అని బావమరిదికి ఫోన్ చేసిన. వాడు నేను పంపే నువ్వులు తీసుకుంటలేడట! జగిత్యాల దిక్కు వాళ్ల చుట్టాల ఊళ్లె ఎండాకాలం పంట నువ్వులు మే, జూన్ల వాడే పోయి కొని పెట్టుకుంటున్నడు. నాకు చెప్తే కోప్పడుతనని చెప్పలేదట. ఆడ పల్లి కన్నా నువ్వుల నూనెనే ఎక్కువ పోతున్నది, ఆవకాయ టైముల ముందే పైసలిచ్చి రాయించుకుంటున్నరు.

ఏరే ఆడోళ్ల సంగతి గూడ అడిగిన్రు కదా. హన్మకొండల ఇద్దరున్నరు. వరంగల్, కాజీపేటల లేరు, పోయిన సంవత్సరం నుంచి బ్రోకర్ "మిషన్ క్లీన్ సరుకు" అని పంపుతున్నడు, అట్లనే పోస్తున్నరు.

కాజీపేట ఈ నెలాఖరుకు బంద్ పెడుతున్న. ఆడి గిరాకీకి వారానికి రెండు రోజులు బండి మీద ఇంటికి పంపిస్త. వరంగల్ అగ్రిమెంట్ మార్చి దాక ఉన్నది, అప్పటిదాక నడిపి చూస్త. రెండు గానుగలు అమ్ముడు పెడుత. సూపర్ మార్కెటోళ్లకు వద్దని చెప్పిన. నురగ సంగతి చీటీ రాయిస్తున్న, సరూర్‌నగర్ అమ్మకు ప్రత్యేకంగ దండాలు. నంద్యాల అన్నా, మీ ముచ్చట పక్కకు పెట్టుకున్న, పల్లీలు కొన్నంక ఫోన్ చేస్త.

పెద్దాయనా, ఒక అనుమానం. జనవరిల కొంటే కాయగనే పెట్టుకోవాల్నా, ఒలిపించి గింజ పెట్టుకోవాల్నా? గింజైతే జాగ సగం చాలు. మాకు గోడౌన్ చిన్నది.

---

గుత్తి బుడ్డల వ్యాపారి:

కాయగానే పెట్టు, అబ్బీ. పొట్టు దానికి చొక్కా. ఒలిచిన గింజకు గాలి తగిలి కనరు తొందరగా పడుతుంది, పురుగు కూడా ముందు దాన్నే పడుతుంది. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే ఒలిపించుకో, అదీ గీతలు పడకుండా. ఒలిచే మిషను దగ్గర సగం విరిగిన పప్పు ఎక్కువ వస్తుంటే జల్లెడ సైజు మార్చమను.

కొనేటప్పుడు చెవి దగ్గర కాయ ఆడించి చూడు, గలగల రావాలి. రాకపోతే పచ్చి ఉంది. తేమ 8 శాతం దాటిన కాయ ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. మార్కెట్ యార్డులో తేమ మీటరు ఉంటుంది, అడిగి చూపించుకో. కొందరు తూకం కోసం నీళ్లు చల్లుతారు, పై బస్తాలు చూసి మోసపోవద్దు, మధ్య బస్తా నుంచి తీయించు.

గోడౌన్‌లో నేల మీద పెట్టద్దు, కింద చెక్కలు వేసి, గోడకు మూరెడు దూరంగా గోనె సంచుల్లోనే పేర్చు. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమట పడుతుంది. జూన్‌లో మొదటి వాన పడకముందే రేకులు చూపించుకో.

జాగా చాలకపోతే 22 టన్నులు ఒక్కసారే ఎందుకు? ఈసారి 10 టన్నులు కొను, మిగతాది అక్టోబర్ పంటకు మా దిక్కు రా. నువ్వులు మాత్రం నీ బావమరిదికే వదిలెయ్. ఆ పిల్లోణ్ణి తిట్టినావేమో, ఇంకో ఫోన్ చేసి హన్మకొండకు కూడా వాణ్ణే కొనమను.